బిడ్డని ఎటు మోసుకెళ్లాలి? మన కొండల్లో ఒక నిర్ణయానికి ఉన్న చరిత్ర

పోస్టు పెద్దదే, తీరిక ఉన్నప్పుడు చదవండి.

వానలు మొదలయ్యాయంటే పేపర్లో ఒక వార్త తప్పకుండా వస్తుంది. ఫలానా గూడెంలో జ్వరంతో బిడ్డ చనిపోయింది. కింద ఒక వాక్యం ఉంటుంది: మూఢనమ్మకంతో నాటువైద్యం చేయించి, విషమించాక ఆసుపత్రికి తెచ్చారు అని. కేస్ షీట్‌లో అయితే ఇంకా పొట్టిగా, ఆలస్యంగా తెచ్చారు అని రాసేస్తారు. ఆ ఒక్క ముక్కతో ఆ ఇంటి కథ అయిపోతుంది. ఆ రెండు మూడు రోజులూ ఆ తల్లీదండ్రీ ఎవర్ని అడిగారు, ఏం లెక్క వేసుకున్నారు, ఎటు బయల్దేరి ఎక్కడ ఆగిపోయారు, ఇవి ఎక్కడా రాయరు.

ఆ లెక్కలకి వందేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. మన చరిత్ర అంటే పితూరీలు, భూముల చట్టాలు, నాయకుల పేర్లు అనుకుంటాం. అవి ఉండాల్సిందే. కానీ అర్ధరాత్రి ఒళ్లు కాలిపోతున్న బిడ్డని ఒళ్లో పెట్టుకుని ఎటు మోయాలి అని ఆలోచించిన మన అవ్వల చరిత్ర కూడా చరిత్రే. నాకు తెలిసినంతలో, చదివినంతలో ఒక విషయం మళ్లీ మళ్లీ కనపడుతుంది: ఒక ఊరు తన బిడ్డని ఎక్కడికి మోయాలో, అంతకుముందు మోసుకెళ్లిన బిడ్డకి ఏమైందో చూసి తేల్చుకుంటుంది. దీన్ని మూఢనమ్మకం అనడం నాకు ఒప్పుదల కాదు.

మొదట, అసలు ఎటూ మోయనక్కర్లేని కాలం గురించి. వైద్యం చేసేవాళ్లు ఊళ్లోనే ఉండేవాళ్లు. విశాఖ మన్యంలో గురుమాయి, దిసారి. సవర, జాతాపు ఊళ్లలో ఎజ్జోడు. కోయల్లో వడ్డె. పేర్లు వేరు, పనులు కూడా ఒకటి కావు. దిసారి నక్షత్రం చూసి చెప్తే, గురుమాయి రోగం సంగతి చూస్తుంది. వేర్లు, ఆకు పసర్లు తెలిసినవాళ్లు ఇంకొందరు. ఎముక విరిగితే వెదురు బద్దలు పెట్టి కట్టేవాళ్లు వేరే. అంటే అప్పుడు కూడా ఎవరి దగ్గరికి అనే ప్రశ్న ఉంది. విరిగిన చేతిని దిసారి దగ్గరికి తీసుకుపోరు, పీడకలకి కట్టు కట్టించుకోరు.

ఇక్కడ కొంచెం ఆగుదాం. బిడ్డకి జ్వరం ఎక్కువై కళ్లు తేలేసి కాళ్లూ చేతులూ కొట్టుకుంటే గాలి సోకింది అంటారు. గురుమాయిని పిలుస్తారు, ఆవిడ వచ్చి మంత్రం వేస్తుంది, కాసేపటికి బిడ్డ కళ్లు తెరుస్తుంది. ఇది కట్టుకథ కాదు, చూసినవాళ్లు లక్షమంది ఉంటారు. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకి జ్వరం వేడికి వచ్చే ఫిట్స్ చాలావరకు కొద్ది నిమిషాల్లో వాటంతటవే ఆగిపోతాయి. మందు వేసినా ఆగుతాయి, వేయకపోయినా ఆగుతాయి. కానీ ఫాల్సిపారం మలేరియా మెదడుకెక్కినప్పుడు వచ్చే ఫిట్స్ కూడా ఇంట్లో చూస్తే ముందు అచ్చం అలాగే ఉంటాయి. ఆ బిడ్డ ఒకటి రెండు రోజుల్లో పోవచ్చు. రక్తం పరీక్ష చేయకుండా డాక్టరు కూడా ఖాయంగా చెప్పలేని తేడా అది. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఊళ్లోనే బాగయితే, పదోసారి కూడా ఊళ్లోనే ఉండిపోవడం అనుభవం నేర్పిన పాఠమే. ఆ పాఠం ప్రాణం తీసే పాఠం అయింది, అది వేరే సంగతి.

పాము కాటు కూడా ఇంతే. కాటేసిన ప్రతి పామూ విషం ఎక్కించదు, విషం లేని పాములు ఎన్నో. మంత్రగాడి దగ్గర బతికినవాళ్లు అందుకే కనపడతారు.

ఎముకల కట్టు సంగతికొస్తే ఒక మాట అనక తప్పదు. మైదానంవాళ్లు చెయ్యి విరిగితే చిత్తూరు వైపు పుత్తూరుకి కట్టు కట్టించుకోవడానికి రైళ్లెక్కి వెళ్తారు. ఏటా మృగశిర కార్తె రోజు హైదరాబాద్‌లో ఉబ్బసానికి చేప మందు కోసం వేలమంది క్యూ కడతారు, సర్కారే పోలీసుల్ని పెట్టి ఏర్పాట్లు చేస్తుంది. దాన్ని సంప్రదాయం అంటారు. మన గురుమాయి దగ్గరికి పోతే మూఢనమ్మకం.

అమ్మవారు పోసినప్పుడు, అంటే మశూచి వచ్చినప్పుడు, ఎక్కడికీ మోసేది లేదు. మందే లేదు. ఊరి దారికి అడ్డంగా ముళ్లకంప వేసి బయటివాళ్లని రానివ్వకపోవడం చాలా ఊళ్ల పెద్దవాళ్లు చెప్తారు. దేశంలో మశూచి 1975లో ఆగిపోయింది. 2020లో కరోనా వచ్చినప్పుడు మన ఊళ్లు మళ్లీ అదే కంప వేశాయి. అప్పుడు పట్నంవాళ్లు దాన్ని మెచ్చుకున్నారు.

ఇక సర్కారు వైద్యం. 1839 చట్టంతో గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను మామూలు పాలన నుంచి విడదీసి కలెక్టర్‌ను ఏజెంట్ చేశారు. 'ఏజెన్సీ' అనే మాట మనకి అక్కడి నుంచే అంటింది. ఇంగ్లీషు దొరలకి కొండ అంటే కలప, పన్ను, జ్వరం. మన్యం జ్వరం అంటే వాళ్లకి హడల్. ఆ జ్వరం దోమ వల్ల వస్తుందని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టులో కనిపెట్టింది ఎక్కడో కాదు, సికింద్రాబాద్‌లో. 1902లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. సికింద్రాబాద్‌లో కనిపెట్టిన సంగతి మన ఊళ్లకి మందుగా చేరడానికి ఇంకో అరవై ఏళ్లు పట్టింది.

ఎందుకంటే అప్పటి వైద్యం ఎవరి కోసం అన్నది చూడాలి. పోలీసులకి, అటవీ ఉద్యోగులకి, రోడ్డు పనుల అధికారులకి. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ సరిగ్గా కూలి ఇవ్వకుండా మనవాళ్లతో కొండ రోడ్లు వేయించాడు, 1922 పితూరీకి అది ఒక పెద్ద కారణం. ఆ రోడ్డు పోలీసుల కోసం, కలప కోసం. దాని మీద రోగిని దింపాలన్న ఆలోచన ఎవరికీ లేదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి స్టేషన్ మీద దాడి జరిగింది. తర్వాత కొండెక్కిన దళాలను మన్యం జ్వరం కూడా వదల్లేదు. ఆ పితూరీ నడుస్తుండగానే 1923లో విశాఖపట్నంలో కింగ్ జార్జి ఆసుపత్రి తెరిచారు. ఇప్పుడు మన నోట్లో కేజీహెచ్ అని నానే ఆసుపత్రి అదే. పాడేరు నుంచి దాదాపు 110 కిలోమీటర్లు. అప్పుడు నడకే, లేదంటే ఎడ్లబండి. ఒక్కసారి ఊహించుకోండి, జ్వరంతో ఉన్న బిడ్డని ఎత్తుకుని ఘాట్ దిగి, పితూరీ గాలింపులో ఉన్న పోలీసుల మధ్య నుంచి విశాఖ వరకు ఎవరు పోతారు?

మలేరియా పనివాడి కాలం దీని తర్వాత వచ్చింది. నా దృష్టిలో మన ఊళ్లలో ఆధునిక వైద్యం అసలు మొదలైంది అతనితోనే. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం, 1958 నుంచి దాన్నే నిర్మూలన కార్యక్రమం అన్నారు. గోడలకి డీడీటీ కొట్టేవాళ్లు. మనవాళ్లు దాని మీద మళ్లీ మట్టీ పేడా కలిపి అలికేసేవాళ్లు, ఇల్లు అలకడం మనకి అలవాటు కదా, మందు కాస్తా మట్టి కిందకి పోయేది. ఇంకో మనిషి పదిహేను రోజులకోసారి ఇంటింటికీ వచ్చి జ్వరం ఎవరికుంది అని అడిగి, వేలికి సూది గుచ్చి గాజు పలక మీద రక్తం చుక్క తీసుకుని, చేదు బిళ్ళలు చేతిలో పెట్టి పోయేవాడు. అవి క్లోరోక్విన్. పలక లాబ్‌కి పోయి, రిపోర్టు తిరిగి కొండ ఎక్కేసరికి రోజులు, ఒక్కోసారి వారాలు. ఫాల్సిపారం అంత ఆగదు. రిపోర్టు వచ్చేసరికి బిడ్డ లేచి ఆడుకుంటూ అన్నా ఉండేది, లేదంటే మట్టిలో అన్నా ఉండేది.

అయినా ఒకటి మెచ్చుకోవాలి. ఆ మనిషి ఇంటికి వచ్చాడు. బిడ్డని ఎటూ మోయాల్సిన పని లేకపోయింది. మొదట్లో దేశంలో మలేరియా బాగా తగ్గింది కూడా. తర్వాత నిధులు, శ్రద్ధ సడలి, దోమ డీడీటీకి అలవాటుపడి, 1976కల్లా దేశంలో కేసులు మళ్లీ 64 లక్షలు దాటాయి. ఆ తర్వాత పనివాడి రాకపోకలు పలచబడ్డాయి. వస్తాడని ఎదురు చూడటం అలవాటైన ఊళ్లకి, రాకపోవడం కూడా ఒక పాఠమే.

తెలంగాణ వైపు కథ కొంచెం వేరు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం చనిపోయాక నిజాం సర్కారు గోండుల మధ్యకి హైమెన్‌డార్ఫ్‌ను పంపింది. 1943లో మార్లవాయిలో గోండు కుర్రాళ్లకే శిక్షణ ఇచ్చి పంతుళ్లను చేయడం మొదలైంది. బడిలో గోండీలో చెప్పాలి, చెప్పేవాడు గోండు అయి ఉండాలి అన్న ఆలోచన ఆ రోజుల్లోనే వచ్చింది. ఆసుపత్రి విషయంలో ఆ స్థాయి ప్రయత్నం జరగలేదు. అది జరిగి ఉంటే మన చరిత్ర ఇంకోలా ఉండేదని నాకు గట్టిగా అనిపిస్తుంది. తల్లి తన భాషలో బిడ్డ రోగం చెప్పలేని చోటికి, తప్పనిసరి అయితే తప్ప పోదు.

1970ల్లో ఐటీడీఏలు వచ్చాయి. పాడేరు, రంపచోడవరం, సీతంపేట, పార్వతీపురం, భద్రాచలం, ఏటూరునాగారం, ఉట్నూరు. కొండ ప్రాంతాలకి లెక్క మార్చారు: మైదానంలో 30 వేల మందికి ఒక పీహెచ్‌సీ అయితే మనకి 20 వేలకే ఒకటి, 5 వేలకి బదులు 3 వేలకే ఒక సబ్‌సెంటర్. కాగితం మీద ఇది మంచి లెక్క. కానీ జనాభాతో కొలిస్తే కొండకి న్యాయం జరగదు. మైదానంలో 3 వేల మంది ఒకే ఊళ్లో ఉంటారు. మనకి 3 వేల మంది అంటే మూడు నాలుగు కొండలు, రెండు గెడ్డలు, ఇరవై ముప్ఫై గూడేలు. ఏఎన్ఎం ఒక్కతే. వానాకాలం గెడ్డ పొంగితే అవతలి గూడేనికి ఆమె లేనట్టే.

ఈ ఖాళీలోకి వచ్చినవాడు ఆర్‌ఎంపీ. వాణ్ణి తిట్టడం తేలిక. అవసరం లేని ఇంజెక్షన్లు, సెలైన్లు, ఒకే సూది పదిమందికి గుచ్చిన రోజులు, అన్నీ నిజమే, ప్రాణాలు పోయినవీ ఉన్నాయి. కానీ తల్లి లెక్కలో చూడండి. వాడు సంతలో దొరుకుతాడు, పిలిస్తే ఇంటికి బండి మీద వస్తాడు. కోయలోనో, ఆదివాసీ ఒరియాలోనో, గోండీలోనో మాట్లాడతాడు. చింతపండో పసుపో జీసీసీకి అమ్మాక డబ్బులివ్వు అంటాడు. కసరడు. ఈ నాలుగూ పీహెచ్‌సీలో ఒకేసారి దొరకడం ఎంత అరుదో మనకి తెలుసు. జీపులు, ఆటోలు తిరిగేది సంత రోజే కాబట్టి బిడ్డని చూపించేది కూడా సంత రోజే. సోమవారం జ్వరం వస్తే, శుక్రవారం సంత అయితే, ఆ నాలుగు రోజులు 'ఆలస్యం' ఎవరి ఖాతాలో రాయాలి?

డోలీ గురించి మనలో ఎవరికీ చెప్పక్కర్లేదు, అయినా రాసిపెడతాను, రేపటి పిల్లలకి తెలియాలి. వెదురు గెడకి దుప్పటో చీరో రెండు కొసలూ ముడేసి, మధ్యలో రోగిని పడుకోబెట్టి, ముందొకరు వెనకొకరు భుజాన మోస్తారు. దారి పొడవుంటే ఆరుగురో ఎనిమిది మందో మారుతూ ఉండాలి. వాళ్ల ఆ రోజు కూలి పోతుంది, తిండి పెట్టాలి. చిన్న బిడ్డ అయితే డోలీ అక్కర్లేదు, తల్లి ఒడికట్టులో వేసుకునో, తండ్రి భుజాన వేసుకునో నడుస్తారు. పెద్దవాళ్లకి డోలీ కడితే ఊరంతా చూస్తుంది, ఊరి నిర్ణయం అవుతుంది. బిడ్డ విషయం మాత్రం ఆ ఇంటి నిర్ణయంగానే ఉండిపోతుంది. బిడ్డ తేలిక కదా అని ఇంకో రాత్రి చూద్దాం అనుకోవడం ఎక్కువ.

2005 ఆగస్టు 15న 108 మొదలైంది. అదే ఏడాది జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశా కార్యకర్తలు. 2007లో ఆరోగ్యశ్రీ. ఈ మూడూ కలిసి మన నిర్ణయాన్ని నిజంగా మార్చాయి, కాదనకూడదు. ఇప్పుడు ఆశా దగ్గరే మలేరియా కిట్ ఉంటుంది, పావుగంట ఇరవై నిమిషాల్లో గీత కనపడుతుంది, వారాల తరబడి పలక కోసం చూడనక్కర్లేదు. కాకపోతే 108 రావాలంటే మొదట ఫోన్ కలవాలి, సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాలి. తర్వాత రోడ్డు ఉండాలి. రోడ్డు ఆగిన చోట 108 ఆగుతుంది, అక్కడి వరకు డోలీనే. బండి కంటే డోలీ మోత ఎక్కువసేపు పట్టే ఊళ్లు ఇంకా ఉన్నాయి.

2017లో వై. రామవరం మండలం చాపరాయిలో కొద్ది వారాల్లో 16 మంది చనిపోయారు. బయటికి తెలిసేసరికి చావులు చాలావరకు అయిపోయాయి. అప్పుడు టీవీల్లో ఎక్కువగా మాట్లాడింది నాటువైద్యం గురించి, కొండరెడ్ల నమ్మకాల గురించి. రోడ్డు లేని, ఫోన్ కలవని ఊరు ఎవరికి చెప్పాలి, ఎటు మోయాలి అన్నది రెండో మాటగా వచ్చింది.

గీతలు మారితే ఏమవుతుందో భద్రాచలం చెప్తుంది. చింతూరు, కూనవరం, వీఆర్‌పురం వైపు కోయ, కొండరెడ్డి ఊళ్లకి పెద్దాసుపత్రి అంటే తరాలుగా భద్రాచలమే. గుడికీ అక్కడికే, సంతకీ అక్కడికే, కాన్పుకీ అక్కడికే. దారి తెలుసు, అక్కడ ఎవరో ఒక చుట్టం ఉంటాడు, రాత్రి తలదాచుకునే అరుగు ఉంటుంది. 2014లో పోలవరం ముంపు పేరుతో ఆ మండలాలను ఆంధ్రలో కలిపారు. భద్రాచలం పట్నం తెలంగాణలో ఉండిపోయింది. ఊరు కదల్లేదు, ఆసుపత్రి కదల్లేదు, మధ్యలో రాష్ట్రం గీత వచ్చింది. కార్డు ఒక రాష్ట్రానిది, ఆసుపత్రి ఇంకో రాష్ట్రానిది. కొత్త రాష్ట్రం లెక్కలో రిఫర్ చేసే దారి మారేడుమిల్లి ఘాట్ దిగి రాజమండ్రి, కాకినాడ. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు వాళ్ల జిల్లా కేంద్రం పాడేరు అయింది. అయినా జనం కాళ్లు మాత్రం భద్రాచలం వైపే పోతాయి. సల్వా జుడుం కాలంలో, 2005 తర్వాత, ఛత్తీస్‌గఢ్ నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చిన గుత్తికోయల పరిస్థితి ఇంకా కష్టం. ఇక్కడ చేతిలో ఏ కాగితమూ లేనివాళ్లు బిడ్డని ఏ కౌంటర్ దగ్గర నిలబెట్టాలి?

ఇప్పుడు పైన మొదట్లో చెప్పిన సంగతికి వస్తాను. 1994లో థాడియస్, మెయిన్ అనే ఇద్దరు కాన్పు చావుల మీద ఒక వ్యాసం రాశారు. ఆలస్యాలు మూడు అన్నారు. ఇంట్లో నిర్ణయం తీసుకోవడంలో మొదటిది, ఆసుపత్రికి చేరడంలో రెండోది, చేరాక వైద్యం అందడంలో మూడోది. పిల్లల విషయంలో కూడా ఇది అక్షరాలా సరిపోతుంది. మన పేపర్లు మొదటిదే రాస్తాయి. రోడ్ల గురించి పోరాడి రెండోదాన్ని మనం కాస్త రాయించాం. మూడోది ఎవరూ రాయరు. నిజానికి మొదటిది పుట్టేదే మూడోదాంట్లోంచి.

ఎలాగంటే, సబ్‌సెంటర్‌కి పోతే పీహెచ్‌సీకి పొమ్మంటారు. అక్కడ రాత్రి డాక్టరు ఉండకపోవచ్చు, ఏరియా ఆసుపత్రికి చీటీ. అక్కడ పిల్లల డాక్టరు పోస్టు ఖాళీ అయితే కేజీహెచ్‌కో, కాకినాడకో, వరంగల్ ఎంజీఎంకో చీటీ. ప్రతి చీటీకీ కొన్ని గంటలు. పెద్దాసుపత్రిలో ఎవరి మాట ఎవరికీ అర్థం కాదు. తల్లి బిడ్డ దగ్గర, తండ్రి బయట చెట్టు కింద. ఇంటి దగ్గర మిగతా పిల్లలు, మేకలు, కోతకొచ్చిన చేను. అన్నిటికంటే పైన ఒక భయం ఉంటుంది, బయటివాళ్లకి ఇది ఎంత చెప్పినా ఎక్కదు: బిడ్డ అక్కడే పోతే? శవాన్ని ఊరికి ఎలా తేవాలి? మన మట్టిలో, మన పెద్దల దగ్గర పెట్టకపోతే ఆ బిడ్డ ఎక్కడ తిరుగుతుంది? 2016 ఆగస్టులో ఒడిశా కలహండిలో ఒక ఆదివాసీ భార్య శవాన్ని భుజాన వేసుకుని, పక్కన ఏడుస్తున్న కూతురితో నడిచిన వీడియో దేశం అంతా చూసి ఆశ్చర్యపోయింది. మన ముసలివాళ్లు ఆశ్చర్యపోలేదు. వాళ్లకి అది ముందే తెలుసు. అలా ఒక్క శవం ఒక ఊరికి తిరిగి వస్తే, ఆ ఊరి నిర్ణయాలు పదేళ్లు మారిపోతాయి. బతికి నడుచుకుంటూ ఒక బిడ్డ తిరిగొస్తే కూడా మారతాయి. దీన్ని ఎవరైనా తమ ఊళ్లో చూసుకోవచ్చు.

ఇది మారగలదని చూపించిన చోటు మనకి ఎంతో దూరం కాదు. ప్రాణహిత దాటితే గడ్చిరోలి. మన గోండు చుట్టాలే. అక్కడ అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టర్ దంపతులు 1980ల నడుమ పని మొదలుపెట్టారు. ఆసుపత్రికి ఎందుకు రారు అని తిట్టే బదులు అడిగారు. మీ ఆసుపత్రి మాకు భయం వేస్తుంది, తెల్లబట్టలు మేం శవానికి కడతాం, చుట్టాల్ని లోపలికి రానివ్వరు అని జనం చెప్పారు. అప్పుడు గుడిసెల్లా ఆసుపత్రి కట్టి, దంతేశ్వరి తల్లి పేరు పెట్టి, ఇంటివాళ్లు రోగి దగ్గరే ఉండేలా చేశారు.

కానీ వాళ్లు చేసిన అసలు పెద్ద పని ఇంకోటి. బిడ్డని ఎటు మోయాలి అన్న ప్రశ్ననే తిరగేశారు. న్యుమోనియాతో డొక్కలు ఎగరేస్తున్న పిల్లల్ని ఊళ్లోనే గుర్తుపట్టి, ఊరి ఆరోగ్య కార్యకర్తలు, మంత్రసానులే మందు ఇచ్చేలా నేర్పారు. చదువు రాని మంత్రసాని ఊపిరి ఎలా లెక్కపెట్టాలి? దానికి పూసలతో ఒక చిన్న పరికరం చేశారు. పూసలు జరుపుతూ లెక్కపెట్టడమే, అంకెలు రానక్కర్లేదు. 1990లో ఆ ఫలితాలు లాన్సెట్‌లో వచ్చాయి. తర్వాత అప్పుడే పుట్టిన పిల్లల మీద 39 ఊళ్లలో ఇదే పద్ధతి పెట్టారు, ఊరి ఆడవాళ్లే ఇంటికి పోయి తూకం వేసి, వెచ్చగా ఉంచడం నేర్పి, చీము జ్వరానికి ఇంజెక్షన్ కూడా ఇచ్చారు. నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయి, అది 1999లో అచ్చయింది. పదేళ్లు వాదించాక 2011లో దేశమంతా ఆశాలతో ఇంటికెళ్లి బిడ్డని చూసే పద్ధతి పెట్టారు. మీ ఊరి ఆశా అక్క పుట్టిన బిడ్డని చూడటానికి సంచీలో తూకం వేసుకుని వస్తుందే, ఆ పనికి మూలం అక్కడ, గోండు గుడిసెల్లో ఉంది. మనవాళ్లకే ఈ సంగతి తెలియదు.

ఎటు మోయాలో తేల్చుకోవడానికి సర్కారు దగ్గర ఒక రంగుల పట్టీ కూడా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 1990ల్లో తయారుచేసిన పద్ధతి, మన దేశంలో కొద్దిగా మార్చి వాడుతున్నారు. ఆకుపచ్చ అయితే ఇంట్లోనే, పసుపు అయితే దగ్గరి పీహెచ్‌సీలో మందు, గులాబీ రంగు అయితే ఆగకుండా పెద్దాసుపత్రి. రెండు నెలలు దాటిన బిడ్డ పాలుగానీ నీళ్లుగానీ తాగలేకపోవడం, తాగింది మొత్తం కక్కేయడం, ఫిట్స్ రావడం, పిలిచినా కళ్లు తెరవనంత మత్తుగా ఉండడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా గులాబీనే. ఊపిరి లెక్క కూడా ఉంది: రెండు నెలల లోపు బిడ్డకి నిమిషానికి 60 లేదా ఎక్కువ, ఏడాది లోపు 50 లేదా ఎక్కువ, ఐదేళ్ల లోపు 40 లేదా ఎక్కువ అయితే అది మామూలు జలుబు కాదు. రెండు నెలల లోపు పసిగుడ్డుకి అయితే జ్వరం వచ్చినా, ఒళ్లు చల్లబడినా ఆగకూడదు. ఈ పట్టీ గోడకి అంటించి ఉంటుంది, ఎక్కువగా తెలుగులోనో ఇంగ్లీషులోనో. కువిలో, సవరలో, కోయలో, గోండీలో ఎవరైనా చెప్పి రికార్డు చేసి తల్లుల ఫోన్లకి పంపితే ఎంత బాగుండేదో. ఈ గ్రూపులో ఆ భాషలన్నీ వచ్చినవాళ్లు ఉన్నారు.

గత పదిహేనేళ్లలో ఇంకో మార్పు వచ్చింది, దీని మీద ఎవరూ ఏమీ రాయలేదు. నిర్ణయం చేతులు మారింది. మునుపు తాత, గురుమాయి, కుల పెద్ద చెప్పేవాళ్లు. ఇప్పుడు ఇంట్లో బిడ్డకి బాగాలేకపోతే మొదటి ఫోన్ మనకే వస్తుంది. హాస్టల్లో, కోచింగ్ సెంటర్లో, పట్నంలో గదిలో ఉన్న మనకి. అన్నా, పాపకి జ్వరం, ఏం చేద్దాం? చదువుకున్నవాడు కదా, తెలుస్తుంది అని వాళ్ల నమ్మకం. మనం ఫోన్లోనే 'వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి' అనేస్తాం. ఏ బండిలో, ఎవరి డబ్బుతో, అక్కడ ఎవరిని కలవాలి, రాత్రి ఎక్కడ పడుకోవాలి, ఇవి చెప్పం. అప్పుడు మనం కూడా మూడో ఆలస్యంలో భాగమే. మాకు తెలిసిన కొన్ని ఊళ్లలో కుర్రాళ్లు ఒక పని చేస్తున్నారు. పెద్దాసుపత్రి ఉన్న పట్నంలో చదివేవాళ్లు వంతులవారీగా ఫోన్ ఎత్తుతారు, ఊరినుంచి ఎవరు బయల్దేరినా గేటు దగ్గరికి పోయి నిలబడతారు, చీటీ రాయించి, వాళ్ల భాషలో డాక్టరుకి చెప్తారు. గురుమాయిని కూడా తిట్టరు. ఆవిడతోనే, ఫిట్స్ వస్తే మంత్రం వెయ్యి పెద్దమ్మా, కానీ బండికి కూడా నువ్వే చెప్పు అంటారు. ఆవిడ చెప్తే ఊరు వింటుంది.

2024లో పాడేరులో మెడికల్ కాలేజీ మొదలైంది. ఆసిఫాబాద్, కొత్తగూడెంలో అంతకుముందే వచ్చాయి. అంటే 110 కిలోమీటర్ల దారి కొందరికి ఊరి పక్కకొచ్చింది. అందులో మన భాషలు మాట్లాడే నర్సులు, డాక్టర్లు ఎంతమంది ఉంటారన్నది రాబోయే పదేళ్లలో తేలుతుంది. సీట్లు రాసేవాళ్లలో మనవాళ్లు ఉన్నారు కాబట్టి ఈ మాట ఊరికే అనడం లేదు.

ఒక పని చేద్దాం. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు అవ్వనో తాతనో అడగండి: మీ చిన్నప్పుడు బిడ్డకి బాగాలేకపోతే మొదట ఎవరి దగ్గరికి, తర్వాత ఎటు? మొదటిసారి ఊరు దాటి ఆసుపత్రికి మోసింది ఎవర్ని, ఏ దారిన, ఎంతమంది మోశారు, తిరిగొచ్చారా? ఏ ఏడో గుర్తు లేకపోతే ఏ పంట కాలమో, ఏ కలెక్టర్ కాలమో అడగండి. ఎంత చిన్నదైనా సరే, మీ భాషలోనే రాసి పంపండి. అన్నీ ఒకచోట చేర్చే పని మేం చూసుకుంటాం.